పాత ప్యాడ్లు చూపించండి

కారు నడిపేవాళ్ళు బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకర్ని నమ్ముతుంటారు. ఆ ప్యాడ్లు తయారుచేసినవాళ్ళని, వాటిని బిగించినవాళ్ళని, బిగించాక బోల్టు గట్టిగా వుందో లేదో మరోసారి చూసినవాళ్ళని. ఆ క్షణంలో ఇదంతా మనకి గుర్తురాదు. రాకపోవడమే నమ్మకం లక్షణం. పడుకునేముందు ఇంటి పైకప్పు గురించి ఆలోచించం. అన్నం కలుపుకుంటూ పప్పులో ఏం కలిసిందోనని అనుమానించం. ఇలాంటి నమ్మకం లేకుండా ఒక్క పూట కూడా బతకలేం. అందుకేనేమో మనవాళ్ళు దాన్ని సుగుణాల్లో చేర్చి, “నమ్మి చెడినవాళ్ళు లేరు” అని సామెత కూడా కట్టారు.

ఈ సామెత మీద నాకు చాలాకాలంగా అనుమానం. నమ్మి చెడినవాళ్ళ జాబితా రాయమంటే ఒక్క ఆడవాళ్ళ పేర్లతోనే పుస్తకాలు నిండుతాయి. పెట్టమన్నచోట సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు, జీతం తెచ్చి చేతిలో పెట్టి అది ఏమైందో ఏనాడూ అడగనివాళ్ళు, డాక్టరు గారన్నారని ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ వున్నారు. వీళ్ళంతా నమ్మారు అంటాం. నిజంగా నమ్మారా? నిజమో కాదో చూసుకునే దారి లేనప్పుడు, వద్దనే అవకాశం లేనప్పుడు ఊరుకోవడాన్ని నమ్మకం అనొచ్చా? లేక అది నిస్సహాయతకి మనం పెట్టుకున్న మర్యాదైన పేరా?

ఈ ప్రశ్న నాకు కారు ముందు చక్రాల దగ్గర ఎదురైంది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను విజయవాడలో వుంటాను. పాఠాలు చెప్పడానికి గుడివాడ దాకా రోజూ నా చిన్న కారులోనే వెళ్ళొస్తాను. కొన్నేళ్ళ క్రితం బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల్లోంచి కీచుమని చప్పుడు రావడం మొదలైంది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాను. ఒక గంట అద్దాల గదిలో కూర్చోబెట్టాక ఒక కుర్రాడు కాగితం పట్టుకొచ్చాడు. ప్యాడ్లు, డిస్కులు, కాలిపర్లు అన్నీ మార్చాలిట, పద్దెనిమిది వేలు అవుతుందిట. “ప్యాడ్లు ఎంత అరిగాయి? ఒకసారి చూపిస్తారా?” అని అడిగాను. అతను ఏమీ దురుసుగా మాట్లాడలేదు. చాలా మర్యాదగా నవ్వి, “అవి మీకు అర్థం కావు మేడం. సార్ నంబరివ్వండి, నేను మాట్లాడతాను” అన్నాడు. సార్ లేరని చెప్పాను. “పోనీ మీ అన్నయ్య గారో, ఇంట్లో జెంట్స్ ఎవరైనా?” అన్నాడు. నేను లేచేసరికి ఇంకో మాట కలిపాడు: “బ్రేకుల విషయం మేడం, ప్రాణాలతో ఆడుకోకండి.”

అతను అబద్ధం చెప్పాడని నేననడం లేదు. చెప్పింది నిజమో అబద్ధమో తెలుసుకునే దారులన్నీ ఎంత సులువుగా మూసేశాడో చూడండి. మొదట నా బుర్రని పక్కన పెట్టాడు. తర్వాత ఎక్కడా లేని ఒక మగవాణ్ణి తెచ్చి నా స్థానంలో కూర్చోబెట్టబోయాడు. చివరికి భయం పెట్టాడు. తెలియనితనం, పరాధీనత, భయం. స్త్రీల చేత “నమ్మించడానికి” ఇంట్లో, గుళ్ళో, ఆసుపత్రిలో వాడే పనిముట్లు ఈ మూడే. కారు దగ్గరికొచ్చేసరికి కొత్తవి ఎందుకు కావాలి?

ఏదీ మార్పించకుండానే, మెల్లిగా నడుపుకుంటూ కారుని ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ షెడ్డుకి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. చక్రం వూడదీసి, నోటితో ఏమీ చెప్పకుండా “ఇలా రామ్మా, చూడు” అని పిలిచాడు. డిస్కు మీద గోరు పెట్టి గీసి, లోతైన గాట్లు లేవని నా గోటితో కూడా గీయించాడు. దాని మందం కొలిచి చూపించాడు. ఎంతకన్నా పల్చబడకూడదో చాలా డిస్కుల అంచునే అచ్చు వేసి వుంటుంది, చదువుకోవచ్చు. డిస్కులు బాగానే వున్నాయి, కాలిపర్లూ బాగానే వున్నాయి. ప్యాడ్లు మాత్రం మూడు మిల్లీమీటర్ల లోపుకి వచ్చేశాయి. ఇక ఆ చప్పుడంటారా? ప్యాడ్‌కి ఒక సన్నటి ఇనప నాలుక వుంటుంది. ప్యాడ్ అరిగి ఒక హద్దుకి రాగానే అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. చప్పుడు చెయ్యాలనే దాన్ని అక్కడ పెట్టారు. అంటే తయారుచేసినవాళ్ళు, మధ్యలో ఎవరి అవసరమూ లేకుండా, నడిపే మనిషితో నేరుగా మాట్లాడే ఏర్పాటు చేశారన్నమాట. ఆ మాట నా చెవిన పడింది. అర్థం మాత్రం సార్‌కే చెప్తామన్నారు!

“నాకు నేర్పిస్తారా?” అని అడిగితే మేస్త్రీ నవ్వాడు. తర్వాత నేర్పాడు. కుడి చక్రం ఆయన చేశాడు, ఎడమ చక్రం ఆయన చూస్తుండగా నేను చేశాను. ఆ తర్వాత మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఇంటి ముందు సిమెంటు నేల మీద నేనే మార్చుకుంటున్నాను.

ఈ పనిలో వున్నదేమిటో చెప్పాలి. చెప్పకుండా దాచడం వల్లే కదా ఇది బ్రహ్మవిద్య అయి కూర్చుంది. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు పక్కల నించీ నొక్కిపట్టి ఆపేవి ప్యాడ్లు, చక్రానికి రెండు. వాటిని నొక్కే పిడికిలి కాలిపర్. మనం పెడల్ తొక్కితే గొట్టంలో వున్న బ్రేకు ఆయిల్ కాలిపర్‌లోని పిస్టన్‌ని ముందుకి తోస్తుంది. సడన్‌గా బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్ళం ముందుకి తూలతాం కదా, బండి బరువు కూడా అలాగే ముందుకి తూలుతుంది. అందుకే ఆపే పనిలో పెద్దవాటా ముందు చక్రాలదే, ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. డిస్కు పాడవకుండా ప్యాడ్ అరగాలి, అదే దాని పని. ఇంకొకటి నిలబడాలని తాను అరిగిపోయేదాన్ని చూస్తే మన అమ్మలు గుర్తురాక మానరు. కాకపోతే ప్యాడ్‌ది మెరుగైన బతుకు. కొత్తప్పుడు పది మిల్లీమీటర్ల దాకా వుండే మందం మూడుకొచ్చిందంటే ఇక చాలు, తీసెయ్యమని ఒక లెక్క వుంది. అరిగే మనుషులకి అలాంటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

బండిని సమంగా వున్న నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద వుండగానే నట్లు కొంచెం వదులు చేసుకోవాలి, గాల్లోకి లేపాక తిప్పబోతే చక్రం తిరుగుతుంది. అప్పుడు జాకీ వేసి లేపి, పక్కనే స్టాండు పెట్టాలి. మేస్త్రీ నాకు నేర్పిన మొదటి నీతి ఇది: “జాకీ లేపడానికేనమ్మా, మొయ్యడానిక్కాదు. జాకీని నమ్మి కింద చెయ్యి పెట్టకు.” చక్రం తీశాక కాలిపర్ కింది బోల్టు విప్పి, దాన్ని పైకి మడిచి తాడుతో కట్టాలి. రబ్బరు గొట్టం మీద బరువు వేలాడకూడదు. పాత ప్యాడ్లు తీసి, మనిషన్నవాడు అరచేత్తో తలుపు మూసినంత నెమ్మదిగా, క్లాంపుతో పిస్టన్‌ని లోపలికి నెట్టాలి. అలా నెడితే పైన డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది కాబట్టి పొర్లకుండా చూసుకోవాలి, ఆ ఆయిల్ పడితే రంగు లేచిపోతుంది. కాలిపర్ జారే పిన్నులకి గ్రీజు రాయాలి, ప్యాడ్ ముఖానికీ డిస్కుకీ మాత్రం గ్రీజు మరక కూడా తగలకూడదు. రెండు పక్కలా ఒకేసారి విప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి చేస్తే, అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి రెండో పక్క అచ్చు వుంటుంది. అలాగని ఒక్క పక్కే మార్చి వదిలెయ్యకూడదు. రెండూ మార్చకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

అన్నీ బిగించాక అసలైన మాట వుంది. బండి కదపకముందు పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కాలి. మొదటిసారి తొక్కితే అది అడుగంటా దిగిపోతుంది, ఎందుకంటే వెనక్కి నెట్టిన పిస్టన్ ఇంకా ప్యాడ్ దాకా రాలేదు. గట్టిపడేదాకా తొక్కి, ఆయిల్ మట్టం చూసి, అప్పుడు ఖాళీ రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుతూ తగ్గిస్తూ కొత్త ప్యాడ్లని డిస్కుకి అలవాటు చెయ్యాలి.

చేతికి మసి అంటించుకుంటూ నేను గమనించింది ఒకటుంది. ఈ పని పొడుగునా ఎక్కడా గుడ్డి నమ్మకానికి చోటు లేదు. జాకీ వుంది, అయినా స్టాండు. హ్యాండ్ బ్రేకు వుంది, అయినా రాళ్ళు. బోల్టు నేనే బిగించాను, అయినా ఇంకోసారి స్పానర్ పెట్టి చూడాలి. దీన్ని అనుమానం అని ఎవరూ అనరు, పనితనం అంటారు. అదే ఒక భార్య పాసు పుస్తకం అడిగితే, ఒక కూతురు ఆస్తి కాగితాలు చూపించమంటే దాన్ని పనితనం అనం. “నమ్మకం లేదా?” అంటాం. మగవాళ్ళ లోకంలో జాగ్రత్త అనిపించుకునేదే ఆడవాళ్ళ లోకంలో అపనమ్మకం అయిపోతోంది.

న్యూజీలాండ్‌లో పుట్టిన తత్వవేత్త ఆనెట్ బయర్ 1986లో నమ్మకం మీద ఒక వ్యాసం రాసింది. నమ్మడమంటే మనకి విలువైనదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్ళు మనకి హాని చెయ్యగల చోట నిలబడడమేనంటుంది. పేరున్న తత్వవేత్తలంతా దాదాపు మగవాళ్ళే కావడంతో, నీతి అంటే సమానుల మధ్య ఒప్పందాలేననుకున్నారనీ, బలమున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య నడిచే నమ్మకాన్ని పెద్దగా పట్టించుకోలేదనీ ఆమె విమర్శ. ఏ నమ్మకం నైతికంగా సరైనదో తేల్చడానికి ఆమె ఒక పరీక్ష పెడుతుంది. ఇద్దరిలో ఎవరు దేని మీద ఆధారపడి ఈ సంబంధాన్ని నడుపుతున్నారో ఇద్దరికీ తెలిసిపోయిందనుకుందాం. తెలిశాక కూడా నిలబడితే అది మంచి నమ్మకం. ఒకరి భయం మీదో, తెలియనితనం మీదో ఆధారపడినదైతే తెలియగానే కూలిపోతుంది. అద్దాల గదిలో నన్ను అడిగిన నమ్మకం ఈ పరీక్షకి నిలబడలేదు. మేస్త్రీ మీద నా నమ్మకం నిలబడింది. పని నేర్చుకున్నాక ఆయన మీద నాకు నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆయన చేతి పని ఎంత శుభ్రమైనదో చూసి తెలుసుకునే కళ్ళు ఇప్పుడు నాకున్నాయి.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలున్నాయి. అవి చిన్నవేం కావు.

మొదటిది ఆ కుర్రాడి మాటే. బ్రేకు నా ఒక్కదాని సొంత వ్యవహారం కాదు. కంకిపాడు దగ్గర సైకిలు మీద రోడ్డు దాటే పిల్లకి నా ప్యాడ్లు ఎవరు మార్చారో తెలియదు. ఆమె నన్ను ఎంచుకుని నమ్మలేదు. అలాంటప్పుడు నేర్చుకున్న చెయ్యి పెట్టొచ్చా? నిజమైన ప్రశ్నే. అందుకే నాకో హద్దు వుంది. ఆయిల్ గొట్టాలు విప్పే పని, మాస్టర్ సిలిండర్ పని నేను ముట్టుకోను. ఎక్కడైనా ఆయిల్ కారిన తడి కనిపిస్తే, పెడల్ మెత్తగా వుంటే, బండి మేస్త్రీ దగ్గరికే వెళ్తుంది. ఎంతవరకు తెలుసో తెలియడం కూడా నీతే. అయితే ప్రమాదం అన్న మాట అందరికీ ఒకేలా వర్తించాలి. వంటింట్లో గ్యాస్ సిలిండర్ మార్చి, రెగ్యులేటర్ బిగించి, సబ్బు నురగ రాసి లీకు చూసేది ఎవరు? కుక్కర్ గాస్కెట్ సాగిందా, సేఫ్టీ వాల్వ్ సరిగ్గా వుందా అని కనిపెట్టుకుని వుండేది ఎవరు? ఇంటిల్లిపాది ప్రాణాలూ రోజుకి మూడుపూటలా ఆమె చేతిలోనే వుంటాయి. అక్కడ ఎవరూ “సార్ నంబరివ్వండి” అనరు. మరి స్త్రీలని బ్రేకు దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ప్రమాదం కాదని తేలిపోలేదా?

పైగా ఈ బ్రేకు కథలో మొదటి అధ్యాయమే ఒక స్త్రీది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్త కార్ల్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, అతను తయారుచేసిన బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో వున్న పుట్టింటికి వెళ్ళింది. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. కార్ల్ వ్యాపారంలో ఆమె కట్నం డబ్బు కూడా వుంది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసిందనీ, దిగుడు రోడ్ల మీద బ్రేకు చెక్కలు అరిగిపోతుంటే ఒక చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు తొడిగించిందనీ చెబుతారు. బ్రేకు లైనింగ్ అనే ఆలోచన అక్కడే పుట్టిందంటారు. అరిగేదాన్ని మార్చుకునేలా పైన ఒక పొర వుండాలన్న ఆ ఊహ ఇప్పటి ప్యాడ్ దాకా వచ్చింది. ఆ తోలు కొట్టిన చేతి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

అదే రెండో అభ్యంతరానికి దారి. “నా కారు నేనే బాగుచేసుకున్నాను” అనడం కారున్న ఆడదాని విజయమే కదా, షెడ్డులో పనిచేసేవాడి పొట్ట మీద కొట్టడం కూడా కాదా? నేను ఆలోచించకపోలేదు. చేత్తో పనిచేసేవాళ్ళని కులం పేరుతో కింద కూర్చోబెట్టి, వాళ్ళ పని తెలియకపోవడమే పెద్దరికం అనుకున్న సమాజం మనది. ఆ పని చేసి చూస్తే తప్ప ఆ పనిలో ఎంత తెలివుందో తెలియదు. ప్యాడ్లు మార్చడం వచ్చాక మేస్త్రీ కూలి దగ్గర బేరమాడడం నావల్ల కాలేదు. ఇంకొకటి కూడా కనిపించింది. ప్యాడ్ల నుంచి రాలే నల్లటి పొడిని షెడ్లలో కుర్రాళ్ళు గాలి కొట్టి ఊదేస్తుంటారు. బ్రేకు లైనింగుల్లో ఒకప్పుడు ఆస్బెస్టాస్ విరివిగా వాడేవారు. ఊపిరితిత్తుల్లో చేరితే అది క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. ఏ ప్యాడ్‌లో ఏముందో చూసుకోకుండా ఆ కుర్రాడు కూడా ఎవరినో నమ్ముతున్నాడు. చూసుకునే దారి లేక నమ్మడం అతనిదీ, నాదీ కూడా. నేను పొడిని ఊదకుండా తడిబట్టతో తుడుస్తాను. ఆ మాట షెడ్డులో చెప్పినప్పుడు మేస్త్రీ శ్రద్ధగా విన్నాడు. నేర్చుకోవడం అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు కూడా నడిచింది.

మూడో అభ్యంతరం ఒక స్నేహితురాలిది. “ఇంటి పని, కాలేజీ పని చాలక ఇప్పుడిది కూడానా? ఆడవాళ్ళు ఎన్ని నేర్చుకోవాలే?” అని అడిగింది. న్యాయమైన మాట. అందరూ నట్లు విప్పాలని నేనెందుకంటాను? చెయ్యడం వేరు, చూసి తెలుసుకోగలగడం వేరు. ప్యాడ్ ఎంత మందం వుండాలో తెలిసి, తీసినవి చూపించమని అడగడానికి అరగంట చదువు చాలు. ఆ అరగంట మనకి దొరక్కపోవడానికి మన తీరిక లేనితనమొక్కటే కారణం కాదు. అది మనది కాదని ముందే తేల్చేశారు.

కారులో ఇది డబ్బుతో పోతుంది. అన్నిచోట్లా అలా పోదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. అందులో అవసరమైనవీ వుంటాయి. కానీ మన ఊళ్ళలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని అడిగి చూడండి. “తీసెయ్యకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు” అనే మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో. ప్రాణాలతో ఆడుకోకండి అన్న మాటకి అది అక్క. ఆ భయం ముందు “స్కానింగ్‌లో ఏముంది, నాకు చూపించండి” అని అడగడానికి ఆమెకి చదువూ, డబ్బూ, పక్కన నిలబడే మనిషీ కావాలి. ఆమె నమ్మింది అని రాసుకుని ఊరుకుంటే అది మన సౌకర్యం కోసం రాసుకున్నదే.

అందుకే నమ్మకం సుగుణమా కాదా అని నమ్మేవాళ్ళని చూసి తేల్చలేమనిపిస్తుంది. అడిగితే చూపించేవాళ్ళు అవతల వున్నారా, అడగగలిగే చోటు ఇవతలివాళ్ళకి వుందా అని చూడాలి. ఆ రెండూ వున్నచోట నమ్మడం అందమైన విషయం. లేనిచోట నమ్మమని ఆడవాళ్ళకి నీతి చెప్పడం అన్యాయం.

మా కాలేజీకి చాలామంది అమ్మాయిలు స్కూటర్ల మీద వస్తారు. బండి రిపేరుకిచ్చినప్పుడు తీసిన పాత సామాను అడిగి తీసుకోమని వాళ్ళకి చెబుతుంటాను. మొదట్లో ఒకమ్మాయి, “అడిగితే ఏమనుకుంటారో మేడం” అంది. కొన్నాళ్ళకి అరిగిన బ్రేకు షూ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “ఇది ఇంకా సగముంది మేడం. అప్పుడే ఎందుకు మార్చారని రేపు వెళ్ళి అడుగుతా” అంది.